ఫంక్షనల్ భాషల్లో డెస్క్‌టాప్ ఇంటర్‌ఫేస్‌లు

శుద్ధ ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో ఒక పేరుకు ఇచ్చిన విలువ మళ్ళీ మారదు. ఒకే ఇన్‌పుట్‌కు ఫంక్షన్ ఎప్పుడూ ఒకే ఫలితం ఇస్తుంది. డెస్క్‌టాప్ మీది విండో ఇందుకు నేరుగా ఎదురు నడుస్తుంది: టైపు చేస్తే పెట్టెలో అక్షరాలు చేరతాయి, లాగితే విండో జరుగుతుంది. మారని విలువలతో మారే తెరను ఎలా రాయాలి? ఈ ప్రశ్నకు దొరికిన జవాబుల వరసే ఈ చరిత్ర. లిస్ప్, ఎంఎల్ కుటుంబాల భాషలు అవసరమైన చోట విలువను మార్చనిస్తాయి కాబట్టి వాటికి ఈ చిక్కు అంత గట్టిగా తగల్లేదు. హాస్కెల్, క్లీన్ వంటి శుద్ధ ఫంక్షనల్ భాషలే దీనితో పెనుగులాడాయి.

1990లో వెలువడిన తొలి హాస్కెల్‌లో ప్రోగ్రాం అంటే, ఆపరేటింగ్ సిస్టం ఇచ్చే జవాబుల జాబితాను అందుకుని, దానికి పంపే విన్నపాల జాబితాను తయారుచేసే ఫంక్షన్. అడగకముందే జవాబులు చేతికొచ్చినట్టు ఉంటుంది గానీ, అవసరం పడేదాకా దేన్నీ లెక్కగట్టని లేజీ పద్ధతి వల్ల అది కుదిరింది. ఈ పునాది మీదే స్వీడన్‌లోని చాల్మర్స్ విశ్వవిద్యాలయంలో మాగ్నస్ కార్ల్‌సన్, థామస్ హాల్‌గ్రెన్ ‘ఫడ్జెట్స్’ అనే ఇంటర్‌ఫేస్ లైబ్రరీని కట్టి 1993లో ప్రకటించారు. ఫంక్షనల్, విడ్జెట్ (బటన్ లాంటి తెర ముక్క) అనే మాటలు కలిసి ఆ పేరు వచ్చింది. ఫడ్జెట్‌కు ఒక వైపు సందేశాలు వస్తుంటే మరో వైపు సందేశాలు పోతుంటాయి. ఎక్స్ విండో సిస్టంతో మాట్లాడే దారులు లోపలే ఉంటాయి. నొక్కిన ప్రతిసారీ అంకె పెరగాలంటే బటన్, లెక్కపెట్టే ముక్క, అంకె చూపే ముక్క అనే మూడింటిని గొట్టాల్లా వరసగా బిగిస్తే చాలు. అంకె నడిమి ముక్కలోనే దాగి ఉంటుంది, ఇంకెవరూ దాన్ని ముట్టుకోలేరు. ఇది తరగతి గది ఉదాహరణలకే పరిమితం కాలేదు. ఒక వెబ్ బ్రౌజరును, ఆల్ఫా అనే గణిత నిరూపణల ఎడిటరును దీనితోనే రాశారు.

నెదర్లాండ్స్‌లోని నైమేగెన్‌లో పీటర్ ఆఖ్టెన్, రీనస్ ప్లాస్‌మేయర్ బృందం క్లీన్ భాషలో వేరే దారి పట్టింది. బయటి ప్రపంచాన్ని ఒక విలువగా ఫంక్షన్ నుంచి ఫంక్షన్‌కు చేతులు మారుస్తారు. మారుతాళం లేని తాళంచెవి లాంటిది అది. ఏ క్షణంలోనైనా ఒక్కరి దగ్గరే ఉంటుంది. రెండోవారికి నకలు పోకుండా కంపైలరే కాపలా కాస్తుంది. కనుక పాత విలువ ఉన్నచోటే కొత్తది రాసినా ఎవరికీ తేడా తెలియదు.

1993లోనే సైమన్ పేటన్ జోన్స్, ఫిలిప్ వాడ్లర్, పనులను ఒకదాని తర్వాత ఒకటిగా వరసకట్టే మొనాడ్‌లతో ఇన్‌పుట్, అవుట్‌పుట్ నడిపే పద్ధతి ప్రకటించారు. 1996లో అది హాస్కెల్ ప్రమాణంలోకి వచ్చింది. దాంతో సి, సి++ లైబ్రరీలను నేరుగా పిలుచుకోవడం తేలికైంది. జీటీకే అనే సి లైబ్రరీ కోసం జీటీకే2హెచ్‌ఎస్, డాన్ లయెన్ 2004లో ప్రకటించిన డబ్ల్యూఎక్స్‌హాస్కెల్ ఈ కోవవే. పని జరిగింది, కానీ అలా రాసిన కోడ్ హాస్కెల్ దుస్తుల్లో ఉన్న సి కోడే. భాష బలమంతా విండో గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

అన్నిటికన్నా సాహసమైన ఆలోచన 1997లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లోని కోనల్ ఎలియట్, యేల్‌లోని పాల్ హుడాక్ ‘ఫ్రాన్’ అనే లైబ్రరీని ప్రకటించారు. వారి దృష్టిలో మౌస్ స్థానం మారే వేరియబుల్ కాదు, కాలానికి ఫంక్షన్. బంతి మౌస్ వెంట నడవాలంటే బంతి స్థానం మౌస్ స్థానమేనని ఒక్కసారి చెబితే చాలు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడి మారితే దాని మీద ఆధారపడ్డ గడులు మారినట్టు మిగతాదంతా దానంతటదే సాగుతుంది. ఎంత అందమైన ఆలోచనో అంత ఖరీదైనది: విలువ గతం మొత్తం మీద ఆధారపడగలదు కాబట్టి, ఆ గతం మెమొరీలో పేరుకుపోయేది. 2001లో ఆంటొనీ కోర్ట్‌నీ, ఎలియట్ రూపొందించిన ‘ఫ్రూట్’ ఇదే ఆలోచనను జాన్ హ్యూజ్ ప్రతిపాదించిన ‘యారో’లనే నిర్మాణాలతో కట్టుదిట్టం చేసి బటన్లకూ పెట్టెలకూ తెచ్చింది.

చివరికి నిలిచింది అన్నిటికన్నా సాదా రూపం. మథియాస్ ఫెలైసెన్ బృందం 2009లో వివరించిన విద్యార్థుల లైబ్రరీలో ప్రోగ్రాం స్థితి ఒకే విలువ. దాన్ని బొమ్మగా మార్చే ఫంక్షన్ ఒకటి, మీట నొక్కినప్పుడో గడియారం కదిలినప్పుడో కొత్త స్థితిని ఇచ్చే ఫంక్షన్లు కొన్ని. ఎవన్ చాప్లిక్కి 2012లో బయటపెట్టిన ఎల్మ్ భాష మొదట ఫ్రాన్ బాటలో నడిచినా, 2016లో సిగ్నళ్ళను, అంటే కాలంతో మారే విలువలను, వదిలేసి ఈ రూపానికే వచ్చింది. ఎల్మ్ బ్రౌజరు భాష. అయినా దాని తీరు ఎఫ్# భాష ద్వారా తిరిగి డెస్క్‌టాప్‌కు చేరింది. అవలోనియా అనే డెస్క్‌టాప్ ఇంటర్‌ఫేస్ లైబ్రరీ మీద నడిచే ఫంక్‌యూఐలో ప్రోగ్రామరు స్థితిని విండో వర్ణనగా మార్చే ఫంక్షన్ రాస్తే, లైబ్రరీ పాత వర్ణనతో పోల్చి తేడా ఉన్న చోటే తెరను మారుస్తుంది. ఆ అడుగునున్న అవలోనియా మాత్రం నేటికీ మారే ఆబ్జెక్టులతో కట్టినదే.