చింతపండు పెట్టిన మొదటి పరీక్ష

రథసప్తమినాడు అరసవల్లిలో పిడకల మంట మీద క్షీరాన్నం పొంగుతుంది. దాన్ని చిక్కుడాకుల్లో పెట్టి సూర్యనారాయణస్వామికి నివేదిస్తారు. ఆ ఆకుకి ఏ లేబొరేటరీ సర్టిఫికెట్టూ లేదు. తరతరాల నాలుకలే దాన్ని పాస్ చేశాయి.

గిన్నెల సంగతి అంత తేలిగ్గా తేలలేదు. అరసవల్లి ఉన్న శ్రీకాకుళం జిల్లాలోనే సరవకోట మండలంలో బుడితి ఉంది. అక్కడి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇత్తడి బిందెలో నీళ్లు పోస్తే పేచీ లేదు. అదే ఇత్తడిలో చారు కాచి మర్నాటిదాకా ఉంచితే కిలుమెక్కుతుంది. చింతపండు పులుపు ఇత్తడిలోని రాగిని కరిగించి చారులోకి లాగేస్తుంది. నోట్లో వేసుకుంటే వెగటు, తాగితే వాంతి. అందుకే కళాయి. వీధిలో చిన్న కొలిమి పెట్టి, తిత్తి ఊదుతూ, గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం ముక్క రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పేవారు. తెల్లటి పొర మెరిసేది. ఆ పొర అరిగిందో లేదో చెప్పేది కూడా చింతపండే. తిండిలోకి గిన్నె ఏం దించుతోందన్న ప్రశ్న మన వంటిళ్లలో పుట్టింది ఇలాగే. ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లో వచ్చాక, సరిగా కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లోని ఆహారం తినడానికి పనికిరాదని దాని కింది నిబంధనల్లోనూ రాశారు. అమ్మమ్మ మాటే గెజిట్‌కెక్కిందన్నమాట.

లేబొరేటరీ వాళ్లు దీన్ని మైగ్రేషన్ అంటారు. అంటే వలస. శ్రీకాకుళం వాళ్లకి ఆ మాట ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ వచ్చాక ఈ వలస కంటికి కనపడడం మానేసింది. ఇత్తడి పచ్చగా కిలుము చూపించేది, ప్లాస్టిక్ ఏదీ చూపించదు. అమెరికా 1958లోనే ప్యాకింగ్ నుంచి తిండిలోకి చేరే పదార్థాలను కూడా ఆహారంలో కలిపిన వాటి కిందే లెక్కగట్టింది. అసలు భయం 1974లో పుట్టింది. పీవీసీ అనే ప్లాస్టిక్ తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికుల్లో అరుదైన కాలేయ క్యాన్సర్ బయటపడింది. కారణం వినైల్ క్లోరైడ్. పీవీసీ దానితోనే తయారవుతుంది, మిగిలిపోయినది పీవీసీ సీసాలోనే ఉండిపోతుంది. 1978లో యూరప్ దానికి హద్దు గీసింది: ప్లాస్టిక్‌లో కిలోకు 1 మిల్లీగ్రాము మించకూడదు, తిండిలో అసలు కనపడకూడదు.

మన దేశంలో ఈ వలసకి పరీక్ష పద్ధతి ఐఎస్ 9845 అనే ప్రమాణంలో ఉంది. చదివితే ముచ్చటేస్తుంది. డబ్బాలో తిండి పెట్టరు, తిండికి బదులు వేషగాళ్లను పోస్తారు. మామూలు తిండికి డిస్టిల్డ్ వాటరు, పుల్లటి దానికి 3 శాతం ఎసిటిక్ యాసిడ్, నూనె వస్తువులకి హెప్టేన్. మన చింతపండు పులుసు ఇంకో పేరుతో అక్కడికి వచ్చి కూర్చుందన్నమాట! చాలాకాలం నిలవుండే సరుకైతే 40 డిగ్రీల దగ్గర పది రోజులు ఉంచుతారు. వేడివేడిగా నింపే దానికి పరీక్ష కూడా వేడి మీదే. తరవాత ఆ ద్రవాన్ని ఇగరబెట్టి, అడుగున మిగిలింది తూస్తారు. ప్లాస్టిక్ వదిలినదాని లెక్క అదే.

ఇలా మొత్తం దిగేదానికి హద్దు కిలో ఆహారానికి 60 మిల్లీగ్రాములు. ఈ 60 ఎక్కడిదంటే, కిలో తిండిని పది సెంటీమీటర్ల పెట్టెలో పోసినట్టు ఊహించారు. పెట్టెకి ఆరు ముఖాలు, ఒక్కో ముఖం నుంచి 10 మిల్లీగ్రాములు. అంతే లెక్క. నాకు మాత్రం ఇది సగం పరీక్షే అనిపిస్తుంది. ఎంత దిగిందో చెబుతుంది, ఏం దిగిందో చెప్పదు. అందుకే మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు కొన్ని లోహాలకి విడిగా హద్దులు పెట్టాయి. ఆ జాబితాలో రాగీ ఉంది: కిలోకు 5 మిల్లీగ్రాములు. బుడితి బిందె నుంచి ప్లాస్టిక్ డబ్బా దాకా రాగి మన వెంటే వచ్చింది.

ఒంటికి రాసుకునే వాటికీ ఇదే బెంగ. నూనె, స్పిరిట్ ఉన్న క్రీములు, సెంట్లు ప్లాస్టిక్ సీసాలోంచి పదార్థాలను మెల్లగా లాగేస్తాయి. కాస్మెటిక్స్ మీద 2009లో వచ్చిన యూరప్ చట్టం సరుకుతోపాటు డబ్బా స్వచ్ఛతనూ భద్రతా నివేదికలో రాయమంది.

ఇంత చట్టం ఉన్నా బజ్జీలు ఇప్పటికీ పేపరు ముక్కలోనే వస్తాయి. అచ్చు సిరా నూనెలోకి దిగుతుందని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016 డిసెంబరులోనే హెచ్చరించింది. 2018 నిబంధనలు న్యూస్‌పేపర్లో తిండి చుట్టడాన్ని నిషేధించాయి. పొగలు కక్కే సాంబారు పల్చటి కవర్లో పోసి దారం చుట్టి ఇవ్వడం కూడా ఆగలేదు. ఆ కవరు ఏ పరీక్షకీ వెళ్లి ఉండదు. వేడి, పులుపు, నూనె మూడూ కలిస్తే వలస బాగా జోరందుకుంటుంది, పులిహోరలో ఆ మూడూ ఉన్నాయి. ఈ ఆదివారం అరసవల్లి వెళ్తే పులిహోర కోసం సంచిలో ఒక స్టీలు బాక్సు వేసుకెళ్లండి.