ఉడా షింతారో

ఉడా షింతారో (1896–1976) జపాన్‌కు చెందిన రేడియో ఇంజనీరు. యాగి–ఉడా యాంటెన్నా సృష్టికర్తల్లో ఒకరు. కేబుల్, డిష్‌లు రాకముందు మిద్దెల మీద చేపముల్లులా కనబడిన టీవీ యాంటెన్నా ఇదే. ఉమ్మడి చిత్తూరు జిల్లా పాకాల మండలంలోని గాదంకి వాతావరణ రాడార్ ఈ రకం యాంటెన్నాలతోనే నిర్మితమైంది.

తొయామా ప్రాంతంలో జన్మించిన ఉడా సెండాయ్‌లోని తొహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో 1924లో పట్టా పొంది, అక్కడే ఆచార్య యాగి హిదెత్సుగు (1886–1976) వద్ద పరిశోధనకు కుదిరారు. ఒసాకాలో పుట్టిన యాగి జర్మనీలో బార్క్‌హౌజెన్ వద్ద, ఇంగ్లండ్‌లో ఫ్లెమింగ్ వద్ద పనిచేసి వచ్చినవారు. రేడియో భవిష్యత్తు పొట్టి తరంగాలదేనని నమ్మి, శిష్యులను ఆ దారిలో పెట్టారు.

ఈ యాంటెన్నాలో విద్యుత్తు అందేది ఒక్క కడ్డీకే. దాని వెనుక కాస్త పొడవైనదాన్ని నిలిపితే అది తరంగాలను ముందుకు మళ్లిస్తుంది. ముందు వరుసగా నిలిపిన పొట్టి కడ్డీలు వాటిని ఒకే దిక్కుకు నడిపిస్తాయి. ఏ కడ్డీ ఎంత పొడవుండాలి, ఎంత ఎడంలో ఉండాలి, ఎన్ని ఉంటే మేలు అన్న ప్రశ్నలకు సుమారు 4.4 మీటర్ల తరంగాలపై ఓపికగా కొలతలు తీసి జవాబులు రాబట్టింది ఉడాయే. ఆ ఫలితాలు 1926–29 మధ్య 11 వ్యాసాలుగా జపనీస్‌లో వచ్చాయి. 1925 చివర దరఖాస్తు చేసిన పేటెంటు మాత్రం యాగి ఒక్కరి పేరునే ఉంది. 1928లో అమెరికా పత్రికలో వచ్చిన ఆంగ్ల వ్యాసం కూడా యాగిదే. అందులో ఉడా కృషిని ఆయన ప్రస్తావించినా, పాశ్చాత్య దేశాల్లో యాంటెన్నాకు స్థిరపడింది యాగి పేరే. స్వదేశంలో సైన్యం దీన్ని చాలాకాలం పట్టించుకోలేదు. 1942లో సింగపూర్‌లో చిక్కిన బ్రిటిష్ రాడార్ పత్రాల ద్వారానే దాని విలువ వారికి తెలిసివచ్చింది.

యుద్ధానంతరం యాగి ఒసాకా విశ్వవిద్యాలయానికి అధ్యక్షులయ్యారు, పార్లమెంటు ఎగువ సభకు ఎన్నికయ్యారు, 1956లో దేశపు సాంస్కృతిక పురస్కారం పొందారు. ఉడా 1954లో శిష్యుడు ముషియాకెతో కలిసి ఈ యాంటెన్నాపై ప్రామాణిక గ్రంథం వెలువరించారు. 1950ల రెండో సగంలో యునెస్కో నిపుణుడిగా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు.

ఆ తర్వాతి దశాబ్దాల్లో టెలివిజన్ ఈ యాంటెన్నాను ఇంటింటికీ చేర్చింది. 1975లో మద్రాసు దూరదర్శన్ మొదలయ్యాక చిత్తూరు వైపు పొడవాటి ఇనుప పైపులకు దీన్ని బిగించి తూర్పుకు తిప్పేవారు.

గాదంకి రాడార్ భారత మధ్య వాతావరణ పరిశోధన కార్యక్రమంలో రూపుదిద్దుకుంది. బొంబాయిలోని సమీర్ సంస్థ దీన్ని నిర్మించింది. 1990ల ఆరంభం నుంచి పరిశీలనలు సాగుతున్నాయి. తిరుపతికి దగ్గరలోనే, కొండల నడుమ, సుమారు 130 మీటర్ల చదరంలో 32 వరుసలుగా, వరుసకు 32 చొప్పున 1024 యాంటెన్నా జతలను నిలిపారు. ఒక్కో జతలో రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. ఒక్కో యాంటెన్నాకు మూడే కడ్డీలు. రాడార్ పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ వద్ద. తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు, సెండాయ్‌లో ఉడా కొలతలు తీసిన తరంగాలకు దగ్గరే. గరిష్ఠ శక్తి 2.5 మెగావాట్లు. యాంటెన్నాలు కదలవు. వాటికి అందే సంకేతాల దశను మారుస్తూ కిరణపుంజాన్ని కావలసిన వైపు వంచుతారు. గాలిలోని సుడులనుంచి తిరిగివచ్చే అతి బలహీన ప్రతిధ్వనులతో సుమారు 20 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలుల వేగాన్నీ దిశనూ, పగటివేళ 65–85 కిలోమీటర్ల మధ్య పొరనూ పరిశీలిస్తారు. నైరుతి రుతుపవన కాలంలో సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున వీచే తూర్పు జెట్ ప్రవాహంపై ఇక్కడి పరిశీలనలు విలువైనవి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఈ సమాచారంపై పరిశోధనకు ప్రత్యేక కేంద్రం ఏర్పడింది.

ఇలాంటి రాడార్ జపాన్‌లోనూ ఉంది. క్యోటో విశ్వవిద్యాలయం 1984లో షిగరాకిలో పూర్తిచేసిన ఎం.యు. రాడార్‌లో 475 యాగి యాంటెన్నాలున్నాయి. జపాన్‌తో గాదంకి సంబంధం యాంటెన్నాతో ఆగలేదు. 1998లో టోక్యోలోని సమాచార పరిశోధన ప్రయోగశాల సహకారంతో గాదంకిలో లేజరు కిరణాలతో పనిచేసే లైడార్ నెలకొంది. అంతరిక్ష శాఖ కింద ఉన్న ఈ కేంద్రం 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా మారింది. రాడార్‌లో మొదట 32 పెద్ద ట్రాన్స్‌మిటర్లు యాంటెన్నాలన్నిటినీ నడిపేవి. ఆధునికీకరణలో వాటి స్థానంలో 1024 చిన్న ప్రసార–గ్రాహక పరికరాలు అమర్చారు.