ఫొటోలో కూర్పు: సికింద్రాబాద్ స్టూడియో నుంచి ఆర్మూరు కల్లం దాకా

ఫ్రేములో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు, ఉన్నది ఎక్కడ ఉండాలి అని తేల్చుకోవడమే ఫొటోగ్రఫీలో కూర్పు. కెమెరా పట్టిన ప్రతి విద్యార్థికీ మొదట చెప్పే పాఠం రూల్ ఆఫ్ థర్డ్స్. ఫ్రేమును నిలువునా అడ్డంగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైన వస్తువును ఆ గీతలు కలిసే చోట ఉంచమంటుంది. ఈ మాటను 1797లోనే జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండు చిత్రకారుడు ప్రకృతి చిత్రాల గురించి రాసిన పుస్తకంలో చెప్పారు. ఫొటోగ్రఫీని లోకానికి ప్రకటించింది 1839లో. అంటే కెమెరా పుట్టక ముందే పుట్టిన సూత్రం ఇవాళ సెల్‌ఫోను తెర మీద నాలుగు గీతలై కనిపిస్తోంది. సూత్రంలో తప్పేమీ లేదు. అయితే కూర్పు ఎలా ఎదిగిందో తెలియాలంటే సూత్రాలతో పాటు పనిముట్లనూ, ఫొటో ఎవరి కోసం తీశారన్నదాన్నీ చూడాలి. తెలంగాణలో ఆ చరిత్ర నూట అరవై ఏళ్లకు పైబడినది.

బొంబాయిలో 1854లో, మద్రాసులో 1856లో ఫొటోగ్రాఫిక్ సొసైటీలు మొదలయ్యాయి. హైదరాబాద్, సికింద్రాబాద్‌ల దృశ్యాలను మద్రాసు ఆర్టిలరీకి చెందిన కెప్టెన్ అలన్ స్కాట్ స్టీరియో ఫొటోలుగా తీయగా, అవి 1862లో లండన్‌లో పుస్తకంగా వెలువడ్డాయి. పక్కపక్కనే ఉండే రెండు బొమ్మలను ప్రత్యేకమైన అద్దాల్లోంచి చూస్తే లోతు కనిపించే పద్ధతి అది. అలాంటి బొమ్మకు ముందువైపు ఒక చెట్టో బండో మనిషో లేకపోతే లోతు తెలియదు. ముందుభాగం, నడిమిభాగం, వెనకభాగం అని ఈనాటి బోధకులు విడదీసి చెప్పేది స్టీరియో తీసేవాడికి తప్పనిసరి అవసరం.

తెలుగు నేల మీద కూర్పును చదువుకోవడానికి మొదటి పెద్ద పేరు రాజా దీన్‌దయాళ్ (1844–1905). మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలోని థామసన్ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, ఇందోర్ ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశారు. 1870ల నడుమ కెమెరా పట్టారు. మధ్యభారత కట్టడాల మీద ఆయన చేసిన పని పేరు తెచ్చింది. 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానానికి వచ్చి, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1894లో నిజాం ఇచ్చిన బిరుదుతోనే ‘రాజా’ అయ్యారు.

డ్రాఫ్ట్స్‌మన్ చెయ్యి ఆయన ఫొటోల్లో తెలిసిపోతుంది. గోడలు, స్తంభాలు నిటారుగా నిలుస్తాయి. పెద్ద కెమెరా వెనక ఉండే గ్రౌండ్‌గ్లాస్ మీద దృశ్యం తలకిందులుగా కనిపిస్తుంది. నల్లగుడ్డ కప్పుకుని అలా చూస్తున్నప్పుడు రాజు రాజుగా కనిపించడు, ఒక ముదురు రంగు ఆకారంగా కనిపిస్తాడు. దర్బారు హాలు కొన్ని గీతలూ కొన్ని వెలుగు మరకలూ అవుతుంది. ఇప్పటి విద్యార్థి తాను తీసిన ఫొటోను తలకిందులుగా తిప్పి చూసుకుంటే బరువు ఎటువైపు ఒరిగిందో ఇట్టే తెలుస్తుంది. ఆ పరీక్ష దీన్‌దయాళ్ తరానికి ప్రతి ప్లేటుకూ తప్పలేదు.

ఆనాటి ఎక్స్‌పోజర్లు నిదానమైనవి. కదిలితే చెరిగిపోతారు కనుక కుర్చీలు వేసి కూర్చోబెట్టాలి, నిలబడినవారికి ఆసరా చూపాలి. ఆ అవసరానికి దర్బారు మర్యాద తోడై ఒక కూర్పు స్థిరపడింది: నడుమ పెద్దాయన, ఇరువైపులా హోదా వరసన మిగతావారు, చివర్లలో నౌకర్లు. మన పెళ్లి గ్రూపు ఫొటో ఇవాళ్టికీ ఇలాగే ఉంటుంది. వైస్రాయ్ కర్జన్ 1902లో నిజాం రాజ్యానికి వేటకు వచ్చినప్పటి దీన్‌దయాళ్ ఫొటోలో ముందు చచ్చిన పులి, దాని వెనక దంపతులు. పులి కింద, మనుషులు పైన అనే అమరికే అధికారాన్ని చెప్పేస్తుంది. ఫ్రేములో చోటు అనేది అలంకారం కాదు, అది ఒక మాట చెబుతుందని ఇంత స్పష్టంగా నేర్పే ఫొటోలు తక్కువ. అదే ఫొటోగ్రాఫర్ 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించారు. కెమెరా వెనక ఎవరు నిలబడాలన్నది కూడా కూర్పులో భాగమేనన్న గ్రహింపు ఆ కాలానికి చాలా ముందడుగు.

ఆ కాలపు ప్లేట్లకు ఒక లోపం ఉండేది. అవి నీలి వెలుగును బాగా పట్టేవి, పసుపును, ఎరుపును పట్టేవి కావు. అందుకే ఆకాశం తెల్లగా, పచ్చని వస్తువులు ముదురుగా పడేవి. అలాంటి ప్లేటు మీద ఆర్మూరు పసుపు కల్లాన్ని తీసి ఉంటే బంగారు రంగు కొమ్ముల కుప్ప బొగ్గుల కుప్పలా కనిపించేది. 1873లో హెర్మన్ వోగెల్ రంగు అద్దకాలతో ప్లేటు చూపును పెంచే దారి కనిపెట్టారు. అన్ని రంగులనూ పట్టే పాంక్రొమాటిక్ ప్లేట్లు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గానీ అంగట్లోకి రాలేదు. పాత నలుపు తెలుపు ఫొటోల్లోని వెలుగునీడలను చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోకపోతే విద్యార్థి పొరబడతాడు.

దర్బారు నుంచి ఫొటో చిన్న పట్టణాలకు దిగివచ్చింది. రంగుల తెర, ఒక కుర్చీ, పూలకుండీ, నెగెటివ్ మీద పెన్సిలుతో టచింగ్. జిల్లా స్టూడియోల పద్ధతి కొన్ని దశాబ్దాలు పెద్దగా మారలేదు. వెలుగుతో కథ చెప్పవచ్చని జనం గమనించింది సినిమా హాల్లోనే. ‘మాయాబజార్’ (1957)లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే సృష్టించిన నౌకావిహారపు వెన్నెల అందుకు తిరుగులేని ఉదాహరణ.

ఫొటో అచ్చమైన కళ అని నిరూపించాలన్న పట్టుదల మరో పాయ. ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ 1858లో ఐదు నెగెటివ్‌లు కలిపి ఒకే చిత్రం చేశారు. 1869లో కూర్పు నియమాల మీద పుస్తకం రాశారు. క్లబ్బులు, సలాన్ పోటీల రూపంలో ఆ పాయ భారతదేశానికీ పాకింది. క్లబ్బులన్నిటినీ కలుపుతూ 1953లో ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ ఏర్పడింది. ఈ మార్గంలో తెలుగువారిలో ఎత్తుకు ఎదిగినవారు బండి రాజన్‌బాబు. ఆయనది కోరుట్ల. ఆర్మూరు నుంచి జగిత్యాల వెళ్లే జాతీయ రహదారి 63 మీద మెట్‌పల్లి దాటితే వచ్చే ఊరు. ఇంగ్లండు రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఫెలోషిప్ పొందారు, హైదరాబాద్‌లో ఎందరికో ఫొటోగ్రఫీ నేర్పారు, 2011లో కన్నుమూశారు. గిరిజన స్త్రీల చిత్రాల్లోనూ, నలుపు తెలుపు దేహచిత్రాల్లోనూ ఆయన అక్కర్లేనిదాన్ని తీసేసే తీరు గమనించదగినది. నేపథ్యం నిశ్శబ్దమైపోతుంది, వంపు ఒక్కటే మిగులుతుంది. సలాన్ పద్ధతికి ఉన్న బలమూ బలహీనతా ఇదే. రూపం మీద చూపు నిలపడం అది నేర్పినంత బాగా ఇంకేదీ నేర్పదు. కానీ ఆ మనిషి ఎవరు, ఏ ఊరు, ఏం పని చేస్తారు అన్న ప్రశ్నలను అది తరచూ ఫ్రేము బయటే వదిలేస్తుంది.

ఆ ప్రశ్నలను ఫ్రేములోకి తెచ్చింది చిన్న కెమెరా. 1925లో లైకా మార్కెట్లోకి వచ్చాక స్టాండు అక్కర్లేకపోయింది. ఫ్రాన్సులో చిత్రలేఖనం నేర్చిన ఆన్రీ కార్తియే బ్రెసాన్ ఆ కెమెరాతో, ముఖ్యంగా 50 మి.మీ. లెన్సుతో, కదిలే లోకం ఒక్క క్షణంలో దానంతటదే కుదురుకునే తీరును పట్టారు. 1948 జనవరిలో గాంధీని హత్యకు ముందు, ఆ తర్వాత అంత్యక్రియల్లో తీసిన చిత్రాలు ఆ కోవలోవే. అమెరికాలో డొరోథియా లాంగ్ 1936లో తీసిన ‘మైగ్రెంట్ మదర్’ విద్యార్థికి ఇంకా దగ్గరి పాఠం. ఆమె ఒక్క ఫొటోతో ఆగలేదు. గుడారాన్ని దూరం నుంచి తీసి, కొంచెం కొంచెంగా దగ్గరికి జరుగుతూ, చివరికి తల్లి ముఖం, అటు తిరిగిన పిల్లలు మాత్రమే మిగిలేదాకా వెళ్లారు. ఆ వరసంతా పక్కపక్కన పెట్టి చూస్తే కాళ్లతో నడిచి చేసేదే కూర్పు అని తెలుస్తుంది.

తెలంగాణలో ఈ దారిన నడిచినవారిలో ముందు చెప్పుకోవలసినవారు వరంగల్లుకు చెందిన గుడిమల్ల భరత్ భూషణ్. 2022 జనవరిలో మరణించేదాకా ఇక్కడి పల్లె జీవితాన్ని, బతుకమ్మను ఆయన కెమెరాలో నమోదు చేశారు. బతుకమ్మలో తంగేడు, బంతి పూల పసుపు రంగు ఎక్కువ. పైగా గుండ్రంగా తిరిగే ఆట. నడుమ ఎవరూ పెద్ద కాదు, వరసకు చివర అనేదే లేదు. దీన్‌దయాళ్ దర్బారు కూర్పుకు ఇది పూర్తిగా ఎదురు అమరిక. రెంటినీ ఒకేచోట పెట్టి చదవడం కంటే మంచి పాఠం తెలుగు విద్యార్థికి మరొకటి దొరకదు. రంగు విషయంలో రఘుబీర్ సింగ్ (1942–1999) పనిని కూడా చేర్చుకోవాలి. ఫొటో అంటే నలుపు తెలుపే అని పెద్దలు అనుకుంటున్న రోజుల్లో, భారతీయ జీవితాన్ని రంగులోనే చూడాలని ఆయన పట్టుబట్టారు.

ఈ చరిత్రంతా ఆర్మూరులో చేతికి అందుతుంది. సంక్రాంతి తర్వాత చుట్టుపక్కల పల్లెల్లో పసుపు తవ్వి, ఉడకబెట్టి, కల్లాల్లో ఆరబోస్తారు. మిట్టమధ్యాహ్నం తీస్తే కల్లం ఒక చదునైన పచ్చటి చాప. పొద్దున ఏడింటికి వాలు వెలుగులో ప్రతి కొమ్ముకూ దాని నీడ ఏర్పడి గరుకుదనం కనిపిస్తుంది. కెమెరా మీటరు దేన్ని చూసినా నడిమి బూడిద రంగుగా లెక్కగడుతుంది. పాలిష్ పట్టిన మేలి పసుపు ఫ్రేమంతా నిండితే అది వెలుగును తగ్గించేస్తుంది, రంగు మట్టి పట్టినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను అర స్టాపు నుంచి ఒక స్టాపు దాకా పెంచితే అసలు రంగు తిరిగి వస్తుంది. నవసిద్ధుల గుట్ట నల్లబండల దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ తగ్గించాలి. 1940 ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన జోన్ సిస్టమ్, కటిక నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును పదకొండు మెట్లుగా విడగొట్టింది సరిగ్గా ఇలాంటి చిక్కులకే.

క్రమంగా చదువుకోదలచినవారికి హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది. 2015 నుంచి నగరంలో జరుగుతున్న ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌లో దేశవిదేశాల ఫొటోగ్రాఫర్ల అసలు ప్రింట్లు చూడవచ్చు. దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు మాత్రం ఇక్కడ లేవు. 1989లో 2,857 ప్లేట్లను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది, అవి ఇప్పుడు అక్కడే ఉన్నాయి.