గ్రీకుల వాడుకమాట - పల్నాటి వీరగాథ

పూర్వుల కీర్తి సంతతివారికి ధనమా, ఋణమా యను ప్రశ్న ప్రతి ప్రాచీనజాతికిని ఒకనాడు ఎదురగుచుండును. ధనమని తలచినవారు దానిని పెట్టెలో నుంచి తాళము వేయుదురు. ఋణమని తలచినవారు తీర్చుటకు పాటుపడుదురు. పందొమ్మిదవ శతాబ్దమున గ్రీకులకీ ప్రశ్న యెట్లెదురయ్యెనో, వారెట్లు తడబడి దారి కనుగొనిరో తెలిసికొనుట తెలుగు గృహస్థులకు ఉపయోగకరమని మేము తలంతుము. ఏలయన, మా పల్నాటిసీమలో ఆ ప్రశ్నయే నేటికిని నిలిచియున్నది.

గ్రీకులు బహుకాలము తురుష్క సుల్తానుల యేలుబడిలో నుండి, 1821లో తిరుగబడిరి. 1830లో ఐరోపాలోని పెద్దరాజ్యములు వారి స్వాతంత్ర్యమును అంగీకరించెను. 1834లో ఏథెన్సు రాజధాని యయ్యెను. 1837లో అచ్చట విశ్వవిద్యాలయము వెలసెను. రాజ్యము వచ్చినది, కాని యా రాజ్యము ఏ భాష మాటాడవలెను? ప్లేటో, సోఫోక్లీసుల భాషయా? గొర్రెలకాపరియు, పడవవాడును, ఇంటి యిల్లాలును మాటాడు భాషయా?

పారిసునగరమున నివసించి ప్రాచీనగ్రంథములను పరిష్కరించి యచ్చొత్తించిన కొరాయీసు పండితుడు మధ్యమార్గమును బోధించెను. వాడుకభాషనే మూలముగా గైకొని, అందు చేరిన పరభాషాపదములను ఏరివేసి సంస్కరింపవలెనని యాయన మతము. ఆయన యుద్దేశము మంచిదే. కాని 1833లో ఆయన గతించిన పిదప వచ్చినవారు అంతటితో ఆగక, ఎన్నడో వాడుక తప్పిన విభక్తులను గూడ తెచ్చి యతికించిరి. కథారెవూసా యను పేరుగల యా శుద్ధభాషయే కచేరీలలోను, బడులలోను, పత్రికలలోను రాజ్యమేలెను. ఇంట తల్లి రొట్టెను 'ప్సోమీ' యని పిలిచి పెట్టుచుండగా, బడిలో బిడ్డ దానిని 'ఆర్తొస్' అని వ్రాయవలసి వచ్చెను. తిన్న రొట్టె యొకటే. తల్లి మాట మాత్రము తప్పయ్యెను.

ఈ కట్టుబాటునకు లోబడనివాడు సొలొమొసు మహాకవి. జాకింథొసు ద్వీపమున 1798లో పుట్టెను. తండ్రి ప్రభువంశీయుడు, తల్లి యా యింటి పరిచారిక. ఇటలీలో విద్య నేర్చి, మొదట ఆ దేశభాషలోనే కవిత్వము చెప్పెను. పిమ్మట తల్లిభాషకు మరలి, 1823లో 158 చరణముల 'స్వాతంత్ర్యస్తవము'ను రచించెను. అందలి తొలి చరణములే 1865లో జాతీయగీతమయ్యెను. రాజశాసనములు పండితుల భాషలో నుండగా జాతీయగీతము పరిచారిక భాషలో నుండుట యెంత విచిత్రము!

ఆ ద్వీపముననే 1801లో పుట్టిన ఎలిసావెత్ మార్టినెంగూ కథ మన గృహములకు మరియు దగ్గర. కులీనుల యాడబిడ్డ యగుటచే ఆమె గడప దాటరాదు. ఆ నిర్బంధముననే చదువు నేర్చి, నాటకములు వ్రాసి, స్వీయచరిత్రమును రచించెను. ప్రసవానంతరము 1832లో మరణించెను. ఆ స్వీయచరిత్రమును ఆమె కుమారుడు 1881లో ప్రకటించువరకు, దాదాపు ఏబదియేండ్లు, లోకము ఆ కంఠమును వినలేదు.

ఇక పాటల సంగతి. కొండలలో దొమ్మివీరులను గూర్చియు, పెండ్లి యేడుపులను గూర్చియు గ్రీకు పల్లెలు పాడుకొను పాటలను తొలుత గ్రంథముగా ప్రకటించినది ఫొరియేల్ అను ఫ్రెంచివాడు. 1824, 1825లలో పారిసున రెండు సంపుటములు వెలువడెను. సరిహద్దువీరుడైన దిగెనీసు అక్రితాసు కథయు అట్టిదే. వాని తండ్రి అరబ్బు, తల్లి గ్రీకు వనిత. వాని పాటలు జనుల నోట నిలిచియే యుండెను. ట్రెబిజాండులో దొరికిన వ్రాతప్రతి 1875లో పారిసున అచ్చయ్యెను. తమ యింటి సొమ్మునకు పొరుగువాడు వెల కట్టినపిమ్మట గాని యింటివారు కన్ను తెరువలేదు.

భాషాకలహము అంతటితో తీరలేదు. 1901లో సువార్తను వాడుకభాషలోనికి మార్చి యొక పత్రిక ప్రకటింపగా, నవంబరులో ఏథెన్సు వీధులలో అల్లరులు చెలరేగి ఎనమండుగురు మరణించిరి. 1976లో గాని వాడుకభాష రాజభాష కాలేదు.

1911వ సంవత్సరమును పాఠకులు గుర్తుంచుకొందురుగాక. ఆ యేట గ్రీకులు శుద్ధభాషకు రాజ్యాంగరక్షణ కల్పించిరి. ఆ యేటనే చెన్నపురిలో గ్రాంథికభాషా రక్షణకై ఆంధ్రసాహిత్య పరిషత్తు వెలసెను. ఆ యేటనే, శ్రీనాథుని దని చెప్పబడు ద్విపద పల్నాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతముగారు పరిష్కరించి యచ్చొత్తించిరి.

గురజాల నలగామరాజునకును, మాచెర్ల మలిదేవరాజునకును పండ్రెండవ శతాబ్దమున కారెంపూడిలో, నాగులేటి యొడ్డున జరిగిన యుద్ధమది. పుస్తకమునకు ముందును, పుస్తకమునకు పిదపను దానిని కాపాడినవారు వీరవిద్యవంతులు, మాలవారు. ఏటేట కార్తీక అమావాస్య మొదలు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను నైదు దినములును వారి గానము లేక తిరునాళ్ల జరుగదు. బ్రహ్మనాయుడు ఎల్ల కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని వారు పాడుదురు. మాల కన్నమదాసును కొడుకుగా చేపట్టెనని పాడుదురు. వినినవారము కన్నీరు తుడుచుకొని, పాడినవానిని మాత్రము వాకిటనే నిలిపితిమి. ఈ గానమును గూర్చి 1982లో ఆక్సుఫర్డున సమగ్రగ్రంథము వెలువరించినవాడు రోగైరు అను నమెరికా పండితుడు. ఫొరియేల్ కథయే మరల జరిగినది.

ఈ తప్పు మాకును అంటినది. నేడు గ్రాంథికము బడులలో లేదు. కాని దాని పీఠమున పత్రికలభాష కూర్చున్నది. ఒక యేడు తిరునాళ్లపై వ్యాసము వ్రాయుడని మా తరగతివారికి చెప్పితిమి. వీరవిద్యవంతుల యింటి బాలుడొకడు 'మా తాత కత చెప్తా ఉంటే ముసలోళ్లు గూడా ఏడ్సారు' అని మొదలుపెట్టి రెండు పుటలు వ్రాసెను. మేము ఎఱ్ఱసిరా గైకొని 'కత'ను 'కథ' చేసితిమి. 'ముసలోళ్లు' కొట్టివేసి 'వృద్ధులు' అని వ్రాసితిమి. అట్టివి ఇరువదికి పైగా దిద్ది, అత్తెసరు మార్కులు వేసితిమి. మరుసటి వ్యాసమును వాడు గైడుపుస్తకమునుండి యెత్తి వ్రాసెను. అందొక్క తప్పు లేదు, వాడును లేడు. దానికి మంచి మార్కులే వేసితిమి.

చేయి యలవాటుచే ఈ వ్యాసమును మేము గ్రాంథికమున వ్రాయుచున్నాము. అది నేరము కాదు. మా చేతికి అలవాటైన దానినే నాలుకలన్నిటికిని కొలతగా పెట్టుట నేరము. కావున గృహస్థులకు మా మనవి యిది: ఇంటి పెద్దమ్మ చెప్పు కథను పిల్లలచే ఆమె మాటలతోనే వ్రాయింపుడు, దిద్దకుడు. పాడువానిని చాపపై కూర్చుండబెట్టి, ఆ చాపపైననే కూర్చుండి వినుడు.

సొలొమొసు చరిత్రము చదివిన పిదప మేమా బాలుని పిలిచి మొదటి వ్యాసమును తిరిగి యడిగితిమి. చించివేసితినని వాడు చెప్పెను. రాబోవు కార్తీకమున వాని తాతగారియొద్ద కూర్చుండి వినుటకు అనుమతి యడిగి రమ్మని వానిని వేడుకొంటిమి. ప్రత్యుత్తర మింకను రాలేదు.