రంగం రేవు ఎదుట స్ట్రాండ్ హోటల్

ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళు బర్మాలోని రంగూన్‌ను రంగం అనేవారు. ‘మా తాత రంగం వెళ్ళొచ్చాడు’ అన్న మాట అక్కడి ఇళ్ళలో ఇంకా బతికే ఉంది. ఆ రంగంలో, నదికి ఎదురుగా స్ట్రాండ్ రోడ్డు మీద, 1901లో తెరిచిన మూడంతస్తుల హోటల్ ఒకటి నేటికీ నడుస్తోంది. రోడ్డు పేరే దానికీ పేరు.

తెరిచినవారు సార్కీస్ సోదరులు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఆర్మీనియన్లు. పెనాంగ్‌లో ఈస్టర్న్ అండ్ ఓరియంటల్, సింగపూర్‌లో రాఫెల్స్ కూడా వాళ్ళు పెట్టినవే.  మూడూ రేవు పట్టణాల్లోనే వెలిశాయి. సోమర్సెట్ మామ్ లాంటి రచయితలు స్ట్రాండ్‌లో బస చేశారు. ఆ రోజుల్లో అది తెల్లవారి హోటల్. ఊరు బర్మావారిదైనా ఆ గదులు వారివి కావు.

ఇక ఎదుటి రేవు సంగతి. అక్కడ ఓడలకు బియ్యం బస్తాలు ఎత్తిన వీపుల్లో ఎక్కువ మన తెలుగువాళ్ళవే. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల్లో కూలీలను కుదిర్చే మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని, స్టీమర్ల డెక్కు మీద కిక్కిరిసి వెళ్ళారు. గోదావరి పాయ మీది కోరంగి రేవు పేరుతోనే బర్మాలో మనవాళ్ళను కోరంగీలు అన్నారు. 1930 మే నెలలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వాళ్ళ బదులు బర్మావారిని పనిలోకి దించారు, సమ్మె తీరగానే ఆ బర్మావారిని వద్దన్నారు. రెండు జాతుల పేదల మధ్య చిచ్చు రగిలింది. వందమందికి పైగా చచ్చిపోయారు. హోటల్ చరిత్ర చెప్పేటప్పుడు మామ్ పేరు వస్తుంది గానీ ఈ కోరంగీల ఊసు రాదు. నాకు బాధ కలిగించేది అదే.

1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాయి. మనవాళ్ళు వేలాదిగా అడవుల వెంట నడిచి వచ్చారు, దారిలోనే ఎందరో రాలిపోయారు. హోటల్ జపాన్‌వారి చేతికి పోయింది, బర్మా స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వపరమై పాడుబడింది. 1990లలో బాగుచేసి మళ్ళీ తెరిచారు.

ఎప్పుడైనా అక్కడ బస చేస్తే, ఒక పొద్దున రోడ్డు దాటి రేవు దాకా నడవండి. మీ ఇంట్లో రంగం వెళ్ళొచ్చిన పెద్దల కథ ఏదైనా మిగిలి ఉంటే, దయచేసి రాసిపెట్టండి.