చెయ్యి, వెలుగు, కెమెరా
బల్ల మీది కంప్యూటర్ చరిత్రలో ఒక అధ్యాయం

పనిచేసే చేతిమీద కెమెరా నిలిపిన చరిత్ర కంప్యూటర్ శాస్త్రజ్ఞులతో మొదలు కాలేదు. 1912లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో, ఒక యంత్రాల ఫ్యాక్టరీలో, ఫ్రాంక్ గిల్‌బ్రెత్ కార్మికుల కదలికలను సినిమా కెమెరాతో చిత్రించాడు. తరువాత ఆయనా, ఆయన భార్య లిలియన్ గిల్‌బ్రెత్ కార్మికుల వేళ్లకు చిన్న విద్యుద్దీపాలు తగిలించి ఫొటోలు తీశారు. చెయ్యి కదిలిన దారి ఫొటోలో వెలుగు గీతగా పడేది. ఆ గీతను బట్టి తీగతో నమూనా చేసి, ఈ పనికి ఇదే ఉత్తమమైన పద్ధతి అని నిర్ణయించేవారు. 1914లో టేలర్ పద్ధతిమీద లెనిన్ రాసిన విమర్శలో కార్మికుని చేతికి కట్టిన ఈ దీపం ప్రస్తావన వుంది. వృథా కదలికలు తగ్గితే అలసట తగ్గుతుందన్న గిల్‌బ్రెత్ దంపతుల వాదంలో సత్యం లేకపోలేదు. అయితే చేతిలోని విద్య ఫిల్ములోకి ఎక్కింది. ఫిల్ము యాజమాన్యం బీరువాలోకి పోయింది. చెయ్యి మాత్రం తన దగ్గరనుండి పోయినదాన్నే ఆజ్ఞగా తిరిగి అందుకున్నది.

ఇప్పుడు చెప్పబోయే యంత్రంలోనూ ఇవే సామగ్రి వున్నాయి: పైన కెమెరా, పైనుండి పడే వెలుగు, కింద బల్లమీద మనిషి చెయ్యి. కాబట్టి ఈ చరిత్రను అడగవలసిన ప్రశ్న ఒకటే. కెమెరా చూచినదానికి అర్థం చెప్పే సూత్రం ఎవరి దగ్గర వుంటుంది?

1960ల చివర అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మైరాన్ క్రూగర్ ఈ దారిలో ప్రయోగాలు ప్రారంభించాడు. 1970ల నాటి ఆయన వీడియోప్లేస్‌లో మనిషి తెరముందు నిలబడితే కెమెరా అతని నీడరూపాన్ని పట్టుకునేది. ఆ నీడ తెరమీది బొమ్మలతో ఆడేది. మీటలు లేవు, శరీరానికి తగిలించే పరికరాలూ లేవు. మన తోలుబొమ్మలాట చూచినవాళ్లకు తెరమీది నీడ కొత్తగాదు గాని, నీడకు జవాబు చెప్పే తెర కొత్తదే. ఇది కళాప్రదర్శనగా నిలిచింది. పనిలోకి దిగలేదు.

పనిలోకి దిగే ప్రయత్నం జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలల్లో జరగడం విచిత్రమేమీ కాదు. ఆఫీసు కాగితాలే ఆ కంపెనీ వ్యాపారం. కాగితం, ఫైలు, బల్ల అన్నింటినీ బొమ్మలుగా మార్చి తెరమీద పెట్టిన స్టార్ యంత్రాన్ని 1981లో ఆ కంపెనీయే అమ్మింది. అదే కంపెనీకి ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో వున్న శాఖలో పియర్ వెల్నర్ అనే పరిశోధకుడు 1991లో ఈ వ్యవహారాన్ని తలకిందులు చేశాడు. బల్లను తెరలోకి ఎక్కించడమెందుకు, బల్లనే కంప్యూటర్‌గా చేయవచ్చు గదా అన్నాడు. ఆయన డిజిటల్ డెస్క్‌లో నిజమైన బల్లమీద నిజమైన కాగితాలుండేవి. పైన ప్రొజెక్టర్, కెమెరాలు. కాగితంమీద అచ్చుపడిన అంకెను వేలితో చూపిస్తే కెమెరా దాన్ని చదివేది. వెలుగుతో గీసిన లెక్కల యంత్రంలో ఆ అంకె ప్రత్యక్షమయ్యేది. గుమాస్తా తన కాగితం వదలనక్కరలేదు. 1999లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జాన్ అండర్‌కాఫ్లర్, హిరోషి ఇషీ కలిసి నగర నిర్మాణానికి ఇలాంటి బల్లనే తయారుచేశారు. చిన్న భవనాల నమూనాలను బల్లమీద పెడితే వాటి నీడలు, వాటి నడుమ వీచే గాలి వెలుగుగీతలుగా కనిపించేవి. నలుగురూ చుట్టూ నిలబడి భవనాన్ని జరిపి చూడవచ్చు, వాదించుకోవచ్చు. ఒక్కొక్కరిని ఒక్కొక్క తెరముందు కూర్చోబెట్టిన కంప్యూటర్ చరిత్రలో ఇది చిన్న సంగతి కాదు.

అయినా ఈ రెండింటిలోనూ సూత్రం బల్లమీద లేదు. బల్ల కింద వుంది. నీడ ఎందుకు అటే పడుతుందని అడిగితే జవాబు నిర్మాతల దగ్గరే దొరికేది.

సూత్రాన్ని బల్లమీదికి తెచ్చిన ఘనత బ్రెట్ విక్టర్ బృందానిది. 2018లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో వారు తెరిచిన డైనమిక్‌లాండ్‌లో గది మొత్తం కంప్యూటర్. ప్రతి ప్రోగ్రామూ ఒక కాగితం. దాని మూలలలో రంగు చుక్కలు, మధ్య ప్రోగ్రాం పాఠం. కాగితం కెమెరా కంట్లో వున్నంతసేపూ ప్రోగ్రాం నడుస్తుంది, తిరగేస్తే ఆగుతుంది. పక్కవాడి కాగితం ఏం చేస్తున్నదో చదివి తెలుసుకోవచ్చు. కాని ఈ గదిని నడిపే రియల్‌టాక్ వ్యవస్థను వారు బహిరంగంగా పంచిపెట్టలేదు. ఇది మనుషులు ముఖాముఖి నేర్చుకుని పెంచుకోవలసిన సంస్కృతి, దింపుకొని వాడుకునే సరుకు కాదు అన్నది వారి వాదం. దీన్ని తేలిగ్గా కొట్టివేయరాదు. గురుముఖతా నేర్చిన విద్యకూ, పుస్తకం చూచి నేర్చిన విద్యకూ తేడా వుందని పాఠం చెప్పేవాళ్లందరికీ తెలుసు. కాని ఆ గదికి వెళ్లగలవాడెవడు? గదిలో వున్నవాళ్లకు తెరిచివున్న తలుపు గది బయటివాళ్లకు మూసివున్నది. నా దృష్టిలో ఆ వాదానికున్న పెద్ద లోపం ఇదే.

బహిరంగ సాఫ్ట్‌వేర్ ఉద్యమం దీనికి సరిగ్గా రెండో కొస. 1980 ప్రాంతంలో ఒక పరిశోధనశాలకు వచ్చిన జిరాక్స్ ప్రింటర్‌కు మూలపాఠం దొరకకపోవడం రిచర్డ్ స్టాల్‌మన్‌ను కదిలించిన అనుభవాలలో ఒకటి. 1983లో ఆయన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని ప్రకటించాడు. తెలుగునాట స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు ఆ ఉద్యమ ఫలాన్ని తెలుగులో లైనక్స్‌గా తెచ్చారు. అక్కడ పాఠం లోకమంతటికీ లభ్యం. కాని లక్షల వరుసల ఆ పాఠం వాడేవాడి కళ్లముందు వుండదు. హక్కు వుంది, చూపు లేదు. డైనమిక్‌లాండ్‌లో చూపు వుంది, హక్కు గది దాటలేదు.

ఈ రెండింటినీ కలిపే ప్రయత్నాలు త్వరలోనే వచ్చాయి. 2018లోనే డైనమిక్‌లాండ్‌ను చూచి తయారైన పేపర్ ప్రోగ్రామ్స్ బహిరంగంగా విడుదలైంది. దానికంటె విస్తృతమైనది న్యూయార్కులో ఒమర్ రిజ్వాన్, ఆంద్రెస్ క్వెర్వో ప్రారంభించిన ఫోక్ కంప్యూటర్. రిజ్వాన్ అంతకుముందు డైనమిక్‌లాండ్‌లో పనిచేసినవాడు. ఇందులో రంగు చుక్కల స్థానంలో ఏప్రిల్‌ట్యాగ్ అనే నలుపు-తెలుపు చదరపు గుర్తులు వున్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రోబోల కోసం తయారై 2011లో వెలువడిన ఈ గుర్తులు కూడా బహిరంగమైనవే. మామూలు ప్రింటర్, మామూలు కెమెరా చాలు. భాష 1980ల చివర జాన్ ఆస్టర్‌హౌట్ తయారుచేసిన టిక్ల్. పండితులు చిన్నచూపు చూచే భాషే. కాని కాగితంమీద అచ్చువేస్తే చదవడానికి వీలైనది.

వాక్యాలు ముఖ్యంగా మూడు రకాలు: ఇది ఇలా వున్నదని చెప్పేవి, ఇలా కావాలని కోరేవి, ఇలా వున్నప్పుడు ఇది చెయ్యమనేవి. తన చుట్టూ ఎర్రగీత కావాలని ఒక కాగితం కోరితే, ఎర్రగీత గీయడం తెలిసిన ఇంకొక ప్రోగ్రాం ఆ కోరిక తీరుస్తుంది. ఆ రెండో ప్రోగ్రాం నచ్చకపోతే దాన్నీ తెరిచి చూడవచ్చు, మార్చవచ్చు.

పని సాగిన తీరు కూడా చెప్పుకోదగింది. మొదట చిన్న రాస్‌బెరీ పై పలకలమీద నడిపారు. వేగం చాలక మామూలు చిన్న కంప్యూటర్లకు మారారు. కెమెరా కంటికీ ప్రొజెక్టర్ వెలుగుకూ పొత్తు కుదర్చడం ఈ విద్యలో ఎప్పుడూ తలనొప్పే. కాగితాన్ని బల్లమీదనుండి ఎత్తితే వెలుగు పక్కకు జారిపోయేది. గుర్తులు అచ్చువేసిన పలకను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ మూడు కొలతలలోనూ లెక్క సరిచూచే పద్ధతిని తరువాత తెచ్చారు. అనేక ప్రోగ్రాములు ఒకేసారి సాగేటట్లు వ్యవస్థ గర్భాన్ని మళ్లీ రాశారు. కొత్త కంపెనీ సరుకులా కాక, ఒక వర్క్‌షాపులో యంత్రం విప్పి బిగించినట్టు ఈ పని సాగుతున్నది.

అంతమాత్రాన ఇది ప్రజల యంత్రమైపోయిందని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. ప్రొజెక్టర్ కొనవలసిందే. కెమెరా లోపలి సూత్రాలు కెమెరా కంపెనీలవే. భాషలోని మాటలు ఇంగ్లీషువే. అన్నింటికంటె నన్ను ఆపిన విషయం మరొకటి వుంది. బల్లమీది కాగితంపై కెమెరా చదివేది చదరపు గుర్తును మాత్రమే. కింద అచ్చయిన ప్రోగ్రాం మనం చదువుకోవడానికి. నడిచే ప్రతి యంత్రంలో వుంటుంది. 1991 నాటి వెల్నర్ బల్ల కాగితంమీది అంకెను చదివింది గాని తన సూత్రాన్ని చూపలేదు. ఇది సూత్రాన్ని చూపుతుంది గాని కాగితంమీది అక్షరాన్ని చదవదు. విద్యార్థి ఎర్రసిరాతో ఒక అంకె కొట్టివేసి ఇంకొకటి రాస్తే బల్లమీద ఏమీ మారదు. కీబోర్డు తెచ్చుకుని, ప్రోగ్రాం తెరిచి, మార్చి, మళ్లీ అచ్చువేసుకోవాలి.