స్మార్ట్ కాంట్రాక్టుల్లో లొసుగుల గుర్తింపు

బ్లాక్‌చెయిన్‌పై తనంతట తానే అమలయ్యే ఒప్పంద ప్రోగ్రామే స్మార్ట్ కాంట్రాక్టు. దానిలోని భద్రతా లొసుగులను డీప్ లెర్నింగ్‌తో పట్టుకోవడం కంప్యూటర్ భద్రతలో ఒక పరిశోధన రంగం.

లొసుగుల్లో పేరుమోసినది పునఃప్రవేశం. కరీంనగర్‌లో చిట్టీ నడిపే వ్యక్తి డబ్బు ముందు చేతికిచ్చి పద్దు తర్వాత రాస్తాడనుకుందాం. పద్దు రాసేలోపే సభ్యుడు మళ్లీ మళ్లీ చేయి చాస్తే పెట్టె ఖాళీ అవుతుంది. 2016 జూన్ 17న ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్‌పై ఉన్న ‘ది డావో’ అనే ఉమ్మడి నిధి నుంచి సుమారు 36 లక్షల ఈథర్ నాణేలు ఇలాగే తరలిపోయాయి.

అదే ఏడాది వచ్చిన ‘ఓయెంటే’ సాధనం కోడ్ నడిచే దారులను తర్కంతో గాలించి, 19,366 కాంట్రాక్టుల్లో 8,833 అనుమానాస్పదమని తేల్చింది. డీప్ లెర్నింగ్ దారి వేరు: నియమాలు మనిషి రాయడు, ఉదాహరణల నుంచి నమూనాయే నేర్చుకుంటుంది. ఎల్‌ఎస్‌టీఎం అనే రకం నమూనాలు ఆప్‌కోడ్‌లను, అంటే కోడ్‌లోని యంత్ర సూచనలను, వాక్యంలా వరుసగా చదువుతాయి. గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్‌లు ఫంక్షన్లను, చరరాశులను బిందువులుగా, వాటి మధ్య ప్రవాహాన్ని గీతలుగా చూస్తాయి. వేగం వీటి బలం. అయితే శిక్షణ ఉదాహరణల్లో ఏది లొసుగో చెప్పే గుర్తులు తరచూ పాత సాధనాల నుంచే వస్తాయి కనుక వాటి పొరపాట్లూ వెంట వస్తాయి. వ్యాపార తర్కంలోని తప్పులు చిక్కడం కష్టం.

బ్లాక్‌చెయిన్ వాడకం మన దగ్గరా ఉంది. తెలంగాణలో చిట్‌ఫండ్ల పర్యవేక్షణకు బ్లాక్‌చెయిన్ ఆధారిత ‘టీ-చిట్స్’ వచ్చింది. హైదరాబాద్‌లో బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ ఏర్పాటును 2018లో ప్రకటించారు.

బ్లాక్‌చెయిన్‌కెక్కిన కోడ్‌ను సాధారణంగా దిద్దలేరు. అందుకే తనిఖీ అమలుకు ముందే జరగాలి.